ఫౌంటెన్ గ్రాస్, మ్యూలీ గ్రాస్ విత్తనాలు: సగం మొలవలేదు, మొలిచినవి పడిపోతున్నాయి

కూకట్‌పల్లి_మిద్దెతోట:
కాంపౌండ్ వాల్ వెంట పన్నెండు అడుగుల మేర అలంకారపు గడ్డి దుబ్బులు, అంటే ఎర్ర ఫౌంటెన్ గ్రాస్, మధ్యమధ్యలో పింక్ మ్యూలీ పెంచాలని ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించాను. ఎర్రమట్టి, పశువుల ఎరువు సగం సగం కలిపి, గింజల మీద అరంగుళం మట్టి కప్పాను. మూడు వారాలైనా మ్యూలీ జాడ లేదు. ఫౌంటెన్ గ్రాస్ పచ్చగానే మొలిచింది, అందులోనూ సగం మొదలు సన్నబడి వాలిపోతోంది. విత్తనాల తప్పా, నా తప్పా?

నారుమడి:
అరంగుళం లోతు నుంచి మ్యూలీ రాదండీ. గింజ మరీ సన్నం, పైకి వచ్చేలోపే అందులోని శక్తి అయిపోతుంది. పైపైన చల్లి అరచేత్తో అదమండి, అంతే. ఫౌంటెన్ గ్రాస్‌కైతే రెండు మూడు మిల్లీమీటర్ల కప్పు చాలు.

నారుకి తోట మట్టి వద్దు. ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లు మార్చి కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు) రెండు పాళ్లు, జల్లించిన వర్మీకంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) గానీ ముతక ఇసుక గానీ ఒక పాలు. 50 గళ్ల ప్రోట్రేలో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) గడికి నాలుగైదు గింజలు. మొలిచాక పలచన చేయక్కర్లేదు, అన్నీ కలిసి ఒకే దుబ్బవుతాయి. పైనుంచి నీళ్లు పోస్తే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి. ట్రేని నీళ్ల పళ్లెంలో ఉంచి, పైభాగం రంగు మారగానే తీసేయండి. పైన పాలిథిన్ కప్పినా, మొలక కనబడిన రోజే తీసేయాలి.

వాలిపోవడం నారుకుళ్లు. మాగని ఎరువు, ఆరని తడి, గాలి ఆడకపోవడం మూడూ కలిస్తే వస్తుంది. మొదలు దారంలా గోధుమరంగుకి మారిన మొక్క ఇక కోలుకోదు, పీకేయండి. కిలో మిశ్రమానికి 5 గ్రాముల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలుచేసే బూజు పొడి) విత్తేముందే కలిపితే కొంత రక్షణ. తెగులు వచ్చాక దాన్ని చల్లి లాభం లేదు.

వట్టివేరు_దుబ్బు:
అసలు చిక్కు ఎర్ర రంగు దగ్గరుంది. 'రూబ్రమ్' అనే ఆ ఎర్ర రకం కంకి వేస్తుంది గానీ గింజ దాదాపు పట్టదు. అంచేత ఎర్ర బొమ్మ వేసి అమ్మే పేకెట్లలో సాధారణంగా ఉండేది పచ్చ ఫౌంటెన్ గ్రాసే. దాని గింజ గాలికి ఎగిరి ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. హవాయి, అరిజోనాల్లో అది పెద్ద కలుపు. నన్నడిగితే కంకి వేయకముందే తీసేయడం మంచిది.

ఎర్రది కావాలంటే నర్సరీలో బాగా ముదిరిన కుండీ ఒకటి కొని, తొలకరికి విడదీయండి. ముక్కకి వేళ్లతో సహా నాలుగైదు పిలకలుండాలి, ఆకుల్ని జానెడు ఉంచి కత్తిరించాలి. రెండడుగుల ఎడంతో మీ గోడకి మూడు ఎర్రవి, మూడు మ్యూలీ సరిపోతాయి.

కూకట్‌పల్లి_మిద్దెతోట:
మ్యూలీ పేకెట్‌లో దూది నలుసుల్లాంటివే ఎక్కువ. గింజ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు ఫ్రిజ్‌లో పెట్టాలని కూడా అంటున్నారు.

గరికపోచ:
తెల్ల కాగితం మీద పోసి గోటితో నొక్కండి. గట్టిగా తగిలితే గింజ, అణిగిపోతే పొల్లు. ఇంకా అనుమానముంటే ఇరవై గింజలు తడి టిష్యూలో పెట్టి, మూత డబ్బాలో నీడన ఉంచండి. మూడు వారాల్లో ఐదు కూడా మొలవకపోతే గడికి రెట్టింపు వేయాలి. ఫ్రిజ్ మాట స్విచ్‌గ్రాస్ అనే ఇంకో గడ్డికి: తడి ఇసుకలో కలిపి 4 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాలు. మ్యూలీకి ఆ పని లేదు, 22–28 డిగ్రీల వెచ్చదనం చాలు.

ఇంకోటి, పశువుల ఎరువులో మొలిచిందల్లా మీరు వేసిందే అనుకోకండి. కాడని వేళ్ల మధ్య దొర్లించి చూడండి, మూడు పలకలు తగిలితే అది తుంగ. చీమలు కూడా గింజలు మోసుకుపోతాయి. ట్రేని ఇటుకల మీద పెట్టి, ఆ ఇటుకలు నీళ్ల పళ్లెంలో ఉంచితే ఆ బెడద ఉండదు.

నాటేటప్పుడు పిలకలు పుట్టే మొదలు నేలమట్టానికే ఉండాలి. లోతుగా దిగితే మన వానలకి నడిదుబ్బు కుళ్లుతుంది.