శంకుస్థాపనలో ఉన్నది శంకువా, శంఖమా?

ప్రశ్న: ఆహ్వాన పత్రికల్లోనూ శిలాఫలకాల మీదా ‘శంఖుస్థాపన’ అని తరచుగా కనిపిస్తోంది. పునాది వేసేటప్పుడు శంఖం ఊదుతారు గనుక ఆ రూపమే సరైనదని ఒక మిత్రుడు వాదించారు. పెద్దలు నివృత్తి చేయగలరు.

సమాధానం: ‘శంకుస్థాపన’ అన్నదే సాధురూపం. శంకువు అంటే మొన తేలిన కొయ్య, మేకు. బడిలో పిల్లలు ఘనపరిమాణం కట్టే శంకువుకు కూడా ఆ ఆకారాన్ని బట్టే పేరు వచ్చింది. ఇక కొయ్య పాతడమే కట్టడానికి తొలిపని ఎందుకయిందంటే, గోడ లేపేముందు దిక్కు తేలాలి; దిక్సూచి లేని కాలంలో దానిని తేల్చినది ఈ కొయ్య నీడే. మానసారమనే శిల్పశాస్త్ర గ్రంథంలో శంకుస్థాపన పేరిట ఉన్న అధ్యాయం దిక్సాధనను, అంటే దిక్కులు తేల్చడాన్ని, గురించినదే కావడం ఇందుకు గట్టి ఆధారం.

యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం కాత్యాయన శుల్బసూత్రం చెప్పిన విధానం ఇది: చదునైన నేలలో శంకువును నిలువుగా పాతి, దాని ఎత్తుకు సమానమైన తాడుతో చుట్టూ వృత్తం గీసి, పొద్దున నీడ కుదించుకుపోతూ దాని కొస ఆ గీతను తాకినచోట ఒక మేకు, మధ్యాహ్నం దాటాక నీడ సాగుతూ మళ్లీ తాకినచోట మరొక మేకు కొట్టాలి. మొదటిది పడమర, రెండవది తూర్పు. రెండింటినీ కలిపే గీతే ప్రాచీరేఖ, అంటే తూర్పు పడమరల గీత.

ప్రశ్న: ఇంత శ్రమ దేనికండీ? సూర్యుడు పొడిచే వైపు తూర్పు, మిట్టమధ్యాహ్నపు నీడ ఉత్తరం అనుకుంటే సరిపోదా?

సమాధానం: సరిపోదండీ. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో మాత్రమే. డిసెంబరు చివర హైదరాబాదులో సూర్యోదయం తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా జరుగుతుంది. మధ్యాహ్నపు నీడ మాట మరీ ప్రమాదం. మన నేల కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందువల్ల ఏటా రెండుసార్లు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో జరుగుతుంది. ఆ నడుమ దాదాపు మూడు నెలలు మధ్యాహ్నపు నీడ దక్షిణానికే పడుతుంది. మధ్యాహ్నపు నీడ ఉత్తరమేనని శీతల దేశాల వారి కోసం రాసిన సలహాను నమ్మి జూన్‌లో నల్లమలలో నడిచినవారు ఉత్తరమనుకుని దక్షిణానికి పోతారు.

వృత్తపు పద్ధతికి ఈ చిక్కు లేదు, ఎందుకంటే మధ్యాహ్నానికి ముందూ వెనుకా సమానమైన ఎత్తులో ఉన్న సూర్యుణ్ణే అది లెక్కలోకి తీసుకుంటుంది. రెండు గుర్తుల నడుమ గడిచే కొద్ది గంటల్లో సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో కాస్త జరగడం వల్ల విషువుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) దగ్గర స్వల్ప దోషం వస్తుంది. తరువాతి జ్యోతిష గ్రంథాలు దానికీ సవరణ చెప్పాయి.