అప్‌డేట్: పీటెన్ క్యూపీసీఆర్, ఆర్‌టీ వేయని ట్యూబ్‌లో సిగ్నల్ ఎందుకొచ్చిందో దొరికింది

డీయూ145 ప్రోస్టేట్ క్యాన్సర్ సెల్స్‌లో పీటెన్ (క్యాన్సర్‌ని అడ్డుకునే జీన్) ఆర్‌ఎన్‌ఏని క్యూపీసీఆర్‌తో కొలుస్తుంటే, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌టీ, ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని, సిగ్నల్ రాకూడని ట్యూబ్‌లో కూడా సిగ్నల్ వస్తోందని అడిగాను కదా, సాల్వ్ అయింది. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా సూడోజీన్ (ప్రొటీన్ చేయని జీన్ కాపీ) ఉందేమో చూడమన్న అన్నకి.

నా ప్రైమర్ ఎగ్జాన్ జంక్షన్ (మధ్యలో ఇంట్రాన్ పోయాక రెండు ఎగ్జాన్లు కలిసే చోటు) మీద ఉంది కాబట్టి జీనోమిక్ డీఎన్‌ఏతో ఇబ్బంది రాదనుకున్నా, కానీ 9వ క్రోమోజోమ్ మీదున్న పీటెన్ సూడోజీన్ పీటెన్‌పీ1కి ఇంట్రాన్లే లేవు, సీక్వెన్స్ దాదాపు పీటెన్‌దే, అంటే ఆ జంక్షన్ డీఎన్‌ఏలోనే రెడీగా ఉంది. డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) ట్రీట్‌మెంట్ చేశాక సిగ్నల్ పోయింది. అయితే పీటెన్‌పీ1 నుంచి ఆర్‌ఎన్‌ఏ కూడా వస్తుంది, దాన్ని డీఎన్‌ఏజ్ తీయలేదు, అందుకే పీటెన్ 3 ప్రైమ్ యూటీఆర్ (ఆర్‌ఎన్‌ఏలో ప్రొటీన్‌గా మారని చివరి భాగం) చివర్లో, సూడోజీన్‌లో లేని ముక్కలో కొత్త ప్రైమర్లు పెట్టా. అక్కడ జంక్షన్ ఉండదు కాబట్టి డీఎన్‌ఏజ్ మాత్రం మానకండి.

మాస్టర్ మిక్స్ మార్చడం, అనీలింగ్ టెంపరేచర్ పెంచడం దేనికీ పనికిరాలేదు.

పీటెన్, పీటెన్‌పీ1 రెండూ కలిపి కొలిస్తే అసలు కథే పోతుంది. పీటెన్‌పీ1 ప్రొటీన్ చేయకపోయినా దాని ఆర్‌ఎన్‌ఏ పీటెన్‌ని అణిచే మైక్రోఆర్‌ఎన్‌ఏలని తనవైపు లాక్కుంటుంది, 2010లో బోస్టన్‌లోని పాండోల్ఫి టీమ్ ఇవే సెల్స్‌లో దాని యూటీఆర్ పెంచితే పీటెన్ పెరిగి సెల్స్ గ్రోత్ తగ్గిందని చూపించింది.