486 మెషిన్‌ని ఇంటి రౌటర్‌కి కలపడం ఎలా?

లాలాగూడ పోరడు:
ఎర్రగడ్డ ఆదివారం సంతలో 486 డీఎక్స్2 (తొంభైల నాటి కంప్యూటర్) కేబినెట్ ఒకటి దొరికింది. బోర్డు మీద పీపా లాంటి బ్యాటరీ కారి, కీబోర్డు సాకెట్ దాకా పచ్చగా చిలుము పట్టింది. అయినా ఆన్ చేస్తే డాస్ (విండోస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) వస్తోంది! లోపల ఎన్‌ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డుంది. సీరియల్ మౌస్ పెడితే కార్డు పలకట్లేదు. ఏం చేయాలి?

పాత బోర్డు:
తమ్ముడూ, నెట్‌వర్క్ సంగతి తర్వాత. ముందు ఆ బ్యాటరీ కత్తిరించెయ్. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం, కారేది క్షారం. రాగి గీతల్ని తింటూనే ఉంటుంది. గ్లౌజులేసుకుని, తెల్ల వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడువు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బాగా ఆరనిచ్చి, మల్టీమీటర్‌తో ఒక్కో గీత తెగిందేమో చూడు. ఆ చోట సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పెడితే మధ్యలో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) తప్పనిసరి, లేకపోతే బోర్డు ఆ బ్యాటరీని ఛార్జ్ చేయబోతుంది. ఇలాంటివి ఎన్నో తుక్కులోకి పోయాయి, నీది బతకాలి.

ఐసా స్లాట్:
మౌస్ కామ్2లో (రెండో సీరియల్ పోర్టులో) ఉందా? కామ్2, ఎన్‌ఈ2000 రెండూ మామూలుగా ఐఆర్‌క్యూ 3 (ప్రాసెసర్‌ని పిలిచే లైన్) మీదే ఉంటాయండి, అందుకే ఢీకొంటాయి. కార్డు 16 బిట్‌ది అయితే దాని ఐఆర్‌క్యూ 10కి మార్చండి. ప్యాకెట్ డ్రైవర్ (కార్డును నడిపే చిన్న ప్రోగ్రాం) ఎక్కించి ఎంటీసీపీ (డాస్ నెట్‌వర్క్ ప్రోగ్రాంల మూట) వాడితే డీహెచ్‌సీపీ (రౌటర్ నుంచి అడ్రస్ తీసుకోవడం), ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకోవడం) రెండూ నడుస్తాయి. వేగం 10 ఎంబీపీఎస్సే, డాస్ ఫైళ్లకి అది బోలెడు.

లాలాగూడ పోరడు:
కామ్2లోనే ఉందన్నా! బ్యాటరీ తీసేశా. కోఠి గుజరాతీ గల్లీకి పోతున్నా, డయోడ్ కాక ఇంకేం తేవాలి?

పాత బోర్డు:
కీబోర్డుకి ఐదు పిన్నుల డిన్ సాకెట్. పాతదాని కాళ్లు తినేసి ఉంటాయి.