మైసూరుకి నాలుగు రోజులు సరిపోతాయా?

ప్రశ్న (అమలాపురం):
సంక్రాంతి హడావుడి అయ్యాక అమ్మానాన్నలతో, పిల్లలతో మైసూరు వెళ్దామనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పిల్లలకి అడవి చూడాలని పట్టుదల. రాజమండ్రిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరులో మారదామని ఆలోచన. ఏది వదులుకోవచ్చు?

జవాబు (భీమవరం):
నాలుగు రోజులు హాయిగా సరిపోతాయండి. ఆదివారం అక్కడ ఉండేలా చూసుకోండి, ఆ రాత్రి ఏడింటికి ప్యాలెస్ మొత్తం ఒక్కసారిగా దీపాలతో వెలుగుతుంది, అమ్మగారు బయట కూర్చునే చూడొచ్చు. 1912లో పూర్తయిన ప్యాలెస్ ఇది. మంగళవారం జూకి సెలవు.

శ్రీరంగపట్నం మాత్రం వదలొద్దు. మన కోనసీమలాగే నదీ పాయల మధ్య దీవి, కాకపోతే అక్కడ కావేరి. 1799లో టిప్పు చనిపోయింది ఈ కోటలోనే. అక్కడే ఉన్న టిప్పు వేసవి విడిది దరియా దౌలత్ గోడ మీద, ఇంగ్లీషు వాళ్లతో జరిగిన 1780 నాటి పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంటుంది, అందులో గాయపడి పల్లకీలో కూర్చున్న ఇంగ్లీషు అధికారిని, పేలిపోతున్న మందుగుండు బండిని పిల్లలకి దగ్గరగా చూపించండి, మా వాడు అక్కడి నుంచి కదలనన్నాడు.

జవాబు (కైకలూరు):
మోకాళ్ల నొప్పులంటే రంగనతిట్టు పక్షుల అభయారణ్యంలో పడవే మేలండీ. కొల్లేటి కొంగలు చూసి పెరిగినా, రాళ్ల మీద నోరు తెరుచుకుని పడుకున్న మొసలి పక్కనుంచి పడవ వెళ్తుంటే నాకు గుండె ఝల్లుమంది. బందీపూర్ అడవి మైసూరు నుంచి సుమారు 80 కిలోమీటర్లు, సఫారీ ముందే బుక్ చేసుకోండి. పులి గ్యారంటీ లేదని పిల్లలకి ఇప్పుడే చెప్పండి, మాకు ఏనుగులే కనిపించాయి. రాత్రి తొమ్మిది తర్వాత ఆ అడవి రోడ్డు మూసేస్తారు.