ఆక్సొలాటల్ అనే పేరుకు అర్థం నీటి కుక్కా, నీటి రాక్షసుడా?

ప్రశ్న
మా అమ్మాయి మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఆక్సొలాటల్‌ను చూసినప్పటి నుంచి ఆ పేరుకు అర్థమేమిటని అడుగుతోంది. వెతికితే కొందరు "నీటి కుక్క" అనీ, కొందరు "నీటి రాక్షసుడు" అనీ రాశారు. అది మెక్సికో సరస్సుల్లో పుట్టి పెరిగే ఉభయచరమని మాత్రం తెలిసింది. ఏ అర్థం సరైనదో, ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసినవారు దయచేసి వివరించగలరు. పెంచుకుందామని కూడా అడుగుతోంది.

సమాధానం 1 (పురాణగాథల పాఠకుడు)
ఇది పూర్వం మెక్సికోను ఏలిన అజ్టెక్‌ల భాష అయిన నహువాత్ల్‌లోని మాట. "ఆత్ల్" అంటే నీరు, "షోలోత్ల్" ఒక దేవుడి పేరు. కుక్కకు ఆ భాషలో "ఇత్స్‌క్వింత్లి" అనే వేరే మాట ఉంది. షోలోత్ల్‌ను కుక్క తలతో చిత్రించేవారు కాబట్టి "నీటి కుక్క" అన్నారు. కవలలకూ అవకరాలకూ అధిదేవత కాబట్టి "రాక్షసుడు" అన్నారు. నా దృష్టిలో రెండూ ఆ దేవుడి రూపాన్ని బట్టి చెప్పిన అర్థాలే. "నీటి షోలోత్ల్" అనడమే సరైనది.

16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సహగున్ అనే స్పానిష్ సన్యాసి ఆ భాష మాట్లాడే నహువా పెద్దలను అడిగి రాయించిన గ్రంథంలో దీని కథ ఉంది. కొత్తగా పుట్టిన సూర్యుడు ఆకాశంలో కదలక నిలిచిపోతే, అతడిని నడిపించడానికి దేవతలందరూ ప్రాణాలర్పించాలని నిశ్చయించుకున్నారు. షోలోత్ల్ ఒక్కడు చావనని ఏడ్చి పారిపోయాడు. మొక్కజొన్న చేనులో రెండు కాండాల మొక్కగా మారాడు, పట్టుబడ్డాడు. కలబందను పోలిన మాగే మొక్కల మధ్య జంట మొక్కగా మారాడు, మళ్ళీ పట్టుబడ్డాడు. చివరికి నీటిలో దూకి ఆక్సొలాటల్ అయ్యాడు. అక్కడే అతడిని పట్టుకుని చంపారు.

సమాధానం 2 (జీవశాస్త్ర అధ్యాపకురాలు)
కథలో దేవుడు అన్నిసార్లు రూపం మార్చుకున్నాడు గానీ, ఈ జీవి సాధారణంగా రూపం మార్చుకోకుండానే జీవితం గడుపుతుంది. తోకకప్ప కప్పగా మారినట్లు, ఇది చెందిన సాలమాండర్లు అనే తోక ఉన్న ఉభయచరాల్లో చాలావాటి డింభకాలు (పిల్ల దశలోని జీవులు) మొప్పలు కోల్పోయి నేల మీదికి వస్తాయి. ఆక్సొలాటల్‌లో ఆ మార్పుకు కావలసిన థైరాయిడ్ హార్మోను ప్రేరణ చాలదు. తల వెనుక ఈకల్లాంటి మూడు జతల మొప్పలతోనే అది పెద్దదై, నీటిలోనే గుడ్లు పెడుతుంది. 1864లో పారిస్‌కు తెచ్చిన ఆక్సొలాటల్‌ల సంతతిలో కొన్ని మొప్పలు పోగొట్టుకుని నేల సాలమాండర్లుగా మారడం చూసి, వాటిని పెంచుతున్న ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త ఓగ్యూస్త్ ద్యుమెరిల్ ఆశ్చర్యపోయాడు. తెగిన కాలు, తోక, వెన్నుపాములో దెబ్బతిన్న భాగం కూడా దీనికి మళ్ళీ పెరుగుతాయి. శాస్త్రవేత్తలు ఇంతకాలంగా దీన్ని వదలకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

సమాధానం 3 (చేపలతొట్టెల అనుభవం ఉన్న సభ్యుడు)
ఒక విచారకరమైన విషయం కూడా అమ్మాయికి చెప్పండి. ఇవి సహజంగా బతికే చోటు మెక్సికో నగరం దక్షిణ అంచున షోచిమిల్కోలో మిగిలిన కాలువలే. పక్కనున్న చాల్కో సరస్సును ఏనాడో ఎండగట్టారు. నగరపు మురుగునీరు, ఆహారం కోసం వదిలిన కార్ప్, తిలాపియా చేపలు ఆ కాలువల్లో వీటికి చోటు లేకుండా చేశాయి. 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6000 ఉన్నట్లు లెక్క తేలితే, 2014 నాటికి 36 మాత్రమే తేలాయి. 2021లో మెక్సికో తన 50 పెసోల నోటు మీద దీని బొమ్మ ముద్రించింది. చినాంపాలు అనే పాతకాలపు నీటి తోటల చుట్టూ వడపోతలు కట్టి, చేపలు రాని కాలువల్లో వీటిని కాపాడే పని అక్కడి రైతులూ విశ్వవిద్యాలయ పరిశోధకులూ కలిసి చేస్తున్నారు. నాకు ఎక్కువ ఆశ కలిగించేది అదే.

పెంచే విషయానికి వస్తే, దీనికి 16 నుంచి 18 డిగ్రీల చల్లని నీరు ఏడాది పొడవునా కావాలి. మన ఎండాకాలంలో నీటిని చల్లబరిచే యంత్రం రాత్రింబగళ్ళు నడవకపోతే అది బతకదు కాబట్టి, ప్రస్తుతానికి ఆటలోని ఆక్సొలాటల్‌తోనే సరిపెట్టమని నా సలహా.