చర్చ: మందిరం రాతి మీద ‘1878 జూలై 3’ అని చెక్కించవచ్చా?

కందుకూరు మునిమనవడు:

మా పల్లె సంఘం కొత్త మందిరం కట్టుకుంటోంది. గుమ్మం పక్కన నిలబెట్టే చీమకుర్తి నల్లరాతి మీద తొలి విశ్వాసుల పేర్లు చెక్కించాలని పెద్దలు తీర్మానించారు. వాటిలో మొదటి పేరు మా తాతగారి తాతది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఆయన ఒకరని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ తేదీని పేరు కింద చెక్కించాలని పెదనాన్నగారి కుటుంబం పట్టుబడుతోంది. సంఘం పాత పుస్తకం తెరిచి చూసిన దగ్గర నుంచి నాకు మనసు ఒప్పడం లేదు.

అది అసలు పట్టిక కాదు. పాత జాబితాలు చూసి తరువాతి కాలంలో ఎవరో తిరగరాసిన సభ్యుల చిట్టా. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి, సిరా ఇటుకరంగుకు తిరిగింది. మా పల్లె పేరు కింద ఆ తాతగారి తాత పేరుతోనే ఇద్దరున్నారు, ఇద్దరి మధ్య ఏడు వరుసల ఎడం ఉంది. ఇద్దరికీ ఇంటిపేరు రాయలేదు. తండ్రి పేరుకు అసలు గడే లేదు. బాప్తిస్మం గడిలో ఇద్దరికీ ౧౮౭౮ (1878) అని సంవత్సరం మాత్రమే ఉంది. వయస్సు ఒకరికి ౪౦ (40) అని స్పష్టంగా ఉంది. రెండోవారిది ౨౫ (25) అనుకుంటే అలాగే, ౩౫ (35) అనుకుంటే అలాగే కనిపిస్తోంది, ఎందుకంటే మొదటి అంకె మీదే పురుగు తొలిచిన చిల్లు ఉంది. ఇంతమాత్రపు ఆధారంతో రోజుతో సహా రాతి మీదికి ఎక్కించడం న్యాయమేనా?

సింగరాయకొండ అన్న:

తమ్ముడూ, ఆ పెదనాన్న కుమారుణ్ణి నేనే కనుక నా మాట కూడా ఇక్కడే చెబుతాను. మనది మాదిగపల్లె. మనవాళ్ళకు సెంటు భూమి లేదు, అందువల్ల సెటిల్‌మెంటు రిజిస్టరులో పేరు లేదు, పట్టా లేదు, దస్తావేజు లేదు. కరణం లెక్కల్లో వెట్టికి పిలిచే మనుషులుగా తప్ప మరోలా కనిపించని వాళ్ళ పేరును మనుషుల పేరుగా కాగితం మీద పెట్టింది ఆ సంఘం పుస్తకమే. దాన్నీ అనుమానించి, నాయనమ్మ మాటనూ అనుమానిస్తే మనకు మిగిలేది ఏమిటి? భూమి ఉన్నవాళ్ళ వంశవృక్షాలను ఎవరూ ఇంత గుచ్చిగుచ్చి అడగరు. సాక్ష్యం చాలదంటే 1881 జనాభా లెక్కలు తీయించండి. అప్పుడు ఇంటింటికీ తిరిగి పేర్లు రాశారు కదా.

ఒంగోలు విశ్రాంత రికార్డు గుమాస్తా:

అన్నగారి ఆవేదన న్యాయమైనదే. జనాభా లెక్కల మీద పెట్టుకున్న ఆశను మాత్రం ముందే వదులుకోవలసి ఉంటుంది. ఇంగ్లాండులో 1881 నాటి లెక్కల పుస్తకాలు ఇంటింటి పేర్లతో భద్రంగా ఉన్నాయి, అక్కడ పేరు కొడితే మనిషి దొరుకుతాడు. ఆ సలహానే చాలామంది మన దేశానికీ వర్తింపజేస్తున్నారు. ఇక్కడ 1881 ఫిబ్రవరి 17న దేశమంతటా లెక్క తీశారు గానీ, మొత్తాలు కట్టిన తరువాత ఇంటి పట్టీలను ఉంచలేదు. అచ్చయిన సంపుటాల్లో జిల్లాకు ఎందరు, ఏ మతం వారు ఎందరు అన్న అంకెలే ఉంటాయి, మీ తాతగారి పేరు ఉండదు. ఇటీవలి లెక్కల మాటకు వస్తే, 1948 జనాభా లెక్కల చట్టంలోని 15వ సెక్షను ప్రకారం వ్యక్తుల వివరాలు చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు.

జిల్లా విషయంలోనూ చాలామంది దారి తప్పుతారు. మీ కందుకూరు ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్ళింది (1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు), 2022లో మళ్ళీ నెల్లూరులో కలిసింది. ఒంగోలు తాలూకా 1904లోనే గుంటూరుకు వెళ్ళింది. కాబట్టి పాత కాగితం కోసం ఇవాళ్టి జిల్లా పేరు చెబితే గుమాస్తా లేదనే అంటాడు. కాగితం పుట్టిన ఏటి జిల్లా పేరు చెప్పాలి. మద్రాసు రాష్ట్రపు పాత రికార్డుల కోసమైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్ళవలసి వస్తుంది. లండనులో ఉన్న చర్చి నకళ్ళ గురించి కూడా కొందరు చెబుతారు. అవి ప్రధానంగా దొరల కుటుంబాలకు, ఆంగ్లో ఇండియన్లకు సంబంధించినవి.

కావలి పంతులమ్మ:

బాబూ, మీ నాయనమ్మగారు ఆ సంగతిని సరిగ్గా ఏ మాటల్లో చెప్పేవారో ఒకసారి రాయగలరా? నా అనుభవంలో తేదీల కంటే మాటల వరుసలోనే ఎక్కువ సత్యం నిలిచి ఉంటుంది.

కందుకూరు మునిమనవడు:

ఆమె ఎప్పుడూ ఒకే వరుసలో చెప్పేదమ్మా. “ధాత కరువులో కాలవ తవ్వాడు. తిండి దొరికిన నాడు ముంచమని అడిగితే దొర ముంచలేదు. వానలు పడ్డాక గుండ్లకమ్మలో మునిగాడు.” జూలై 3 అన్న మాట మాత్రం ఆమె నోట నేను వినలేదు. దాన్ని ఒక శతజయంతి సభలో విని వచ్చి చెప్పింది మా చిన్నతాత అనుకుంటాను.

కావలి పంతులమ్మ:

నేను వినాలనుకున్నది ఇదే. 1876 నుంచి 1878 వరకు సాగిన ఆ కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. కూటి కోసం చేరుతున్నారన్న నింద రాకూడదని కరువు పని సాగినంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. ఈ చరిత్ర ఏ పుస్తకంలోనూ చదవని ఒక ముసలామె కాలువ, నిరాకరణ, వాన, నది అన్న నాలుగింటినీ వరుస తప్పకుండా చెప్పిందంటే అది ఎక్కడో విన్న కథ కాదు, ఆ ఇంటి అనుభవం. అక్షరం రానివాళ్ళ జ్ఞాపకాన్ని గాలి మాటగా కొట్టివేసే అలవాటు మనకు పోవాలి. ఆయన కాలువ తవ్వారని, 1878లో గుండ్లకమ్మలో మునిగారని నేనైతే నిస్సంకోచంగా చెక్కిస్తాను. రోజు మాత్రం ఆమె చెప్పలేదు.

ఒంగోలు విశ్రాంత రికార్డు గుమాస్తా:

అమ్మగారి మాటకు ఒక లెక్క జోడిస్తాను. ఆ ఏడాది ఒంగోలు క్షేత్రంలో బాప్తిస్మం పొందినవారు 9,000కు పైగా ఉన్నారు. అందులో జూలై 3 నాటి వారు 2,222, అంటే నాలుగో వంతుకు లోపే. ఆ ఒక్క రోజు అంకె ప్రపంచమంతా మారుమోగింది కనుక ఆ ఏటి బాప్తిస్మాలన్నీ కుటుంబాల నోట ఆ రోజుకే చేరుతూ వచ్చాయి. ఈ ఉమ్మడి జిల్లాలో ‘మా తాత ఆ 2,222లో ఒకడు’ అని చెప్పుకునే ఇళ్ళన్నీ కలిపితే ఆ అంకె సరిపోదని నా అనుమానం. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు.

ఇక ఇద్దరిలో మీవారెవరో తేల్చుకోవాలి. బాప్తిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. నమ్మి ఒప్పుకున్నవారికే ఇస్తారు. అందువల్ల కతోలిక రిజిస్టరులో బిడ్డ పేరు పక్కన తల్లిదండ్రుల పేర్లు దొరికినట్టు ఇక్కడ దొరకవు, తండ్రీ కొడుకుల లంకె ఈ పుస్తకంలో కనిపించదు. ఆ లంకె వివాహాల పుస్తకంలో వెతకాలి. 1872 క్రైస్తవ వివాహ చట్టంతో పాటు ఇచ్చిన నమూనాలో వధూవరుల వయస్సుతో పాటు తండ్రి పేరుకూ గడి ఉంది. మీ తాతగారి తండ్రి వివాహం ఏ సంఘంలో జరిగిందో కనుక్కొని ఆ పుస్తకం అడగండి. పెళ్ళికూతురి సంఘంలో జరిగి ఉంటే మీ పల్లెలో ఎంత వెతికినా దొరకదు. చెదలు తిన్నా దిగులు పడకండి, చట్టం ప్రకారం నకళ్ళు మద్రాసు రిజిస్ట్రారు జనరలుకు వెళ్ళవలసి ఉండేది.

వయస్సు దగ్గర మరొక జాగ్రత్త అవసరం. ఆ కాలంలో పుట్టిన ఏడు ఎవరికీ తెలియదు, రాసేవాడు మనిషిని చూసి ముప్ఫై అనో నలభై అనో వేసేవాడు. ౪౦ అని స్పష్టంగా ఉన్నంత మాత్రాన అదే నిజమని, చిల్లు పడిన అంకె అబద్ధమని అనుకోవద్దు.

సింగరాయకొండ అన్న:

మా ఇంట్లో అందరూ పుట్టినప్పటి నుంచి విన్న తేదీ అది. తీసేస్తే నాన్నగారు బాధపడతారు, ఆయనకు ఎనభై రెండేళ్ళు. అయినా నాయనమ్మ నోట ఆ రోజు రాలేదన్న సంగతి నాకు ఇవాళే తెలిసింది. కాలువ మాట రాతి మీద ఉంటుందంటే నాన్నగారికి నేను చెబుతాను. ఆయన తండ్రి పేరు దొరికే దాకా రాతి మీద ఆ వరుస ఖాళీగా ఉంచుదామని తమ్ముడు ఇంట్లో అంటున్నాడు, అది మాత్రం నాకింకా రుచించడం లేదు. ఖాళీ వరుస చూస్తే ఊరివాళ్ళు ఏమనుకుంటారు?

కందుకూరు మునిమనవడు:

అన్నా, ఖాళీ ఉంచితే తరువాత చెక్కించుకోవచ్చు, తప్పు చెక్కిస్తే రాయి మార్చాలి. మన బంధువుల్లో పెద్దమ్మ వరసైన ఒకామె కనిగిరి దగ్గర ఉంది. ముత్తాత పెళ్ళి అక్కడే జరిగిందని నిన్న ఫోనులో చెప్పింది. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడి సంఘం పెద్దలు పాత బీరువా తెరుస్తామన్నారు. నువ్వూ రా. పెదనాన్న దగ్గరున్న ఆ పాత భూతద్దం తీసుకురా. మన పుస్తకంలోని ఆ చిల్లు పడిన అంకెను కూడా ఇద్దరం కలిసే చూద్దాం. రాతికి ప్రస్తుతానికి నేను రాసిచ్చిన మాటలు ఇవి: ఆయన పేరు, పల్లె పేరు, ‘కరువులో కాలువ తవ్వెను, 1878లో గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందెను’.