నాన్నతో పాడేరు, అరకు బైక్ టూర్.. గైడ్ ఉన్న గ్రూప్‌తో వెళ్లాలా, మేమిద్దరమే వెళ్లిపోవాలా?

గాజువాక పిల్ల:
అందరికీ నమస్తే అండి. మా నాన్నగారికి 61, స్టీల్ ప్లాంట్‌లో చేసి పోయినేడాది రిటైర్ అయ్యారు. పెళ్లికి ముందు యెజ్డీ మీద అరకు వెళ్లొచ్చేవారంట, ఇప్పుడు మళ్లీ బండి మీదే వెళ్దాం అంటున్నారు, ఆయన బుల్లెట్ మీద నేను నా హంటర్ మీద. నేను సిటీ దాటి నడిపిందంటే భీమిలి బీచ్ రోడ్డే, ఘాట్ ఎప్పుడూ ఎక్కలేదు. ఒక గ్రూప్ వాళ్లు మూడు రోజుల టూర్ అంటున్నారు, చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఎక్కడం, రెండో రోజు అరకు, మూడో రోజు అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట మీంచి వైజాగ్. "మన ఏజెన్సీ రోడ్డుకి గైడ్ ఎందుకే" అని నాన్న ఒకటే గోల. నాకేమో ఆయన నడుం నొప్పి భయం. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, బుక్ చేసే ముందు వాళ్లని ఏం అడగాలి?

ఘాట్ రోడ్ బాబాయ్:
అమ్మా, దారి ఫోన్ చూపించేస్తుంది, గైడ్ ఉన్న గ్రూప్‌లో నువ్వు చూడాల్సింది వెనకాల వచ్చే మనిషిని. స్వీప్ అంటారు, అందరికన్నా ఆఖర్న వస్తాడు, అతన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. అసలు స్వీప్ ఉన్నాడా, టర్నింగ్ వచ్చిన ప్రతిచోటా వెనకాల బండి కనపడేదాకా ముందు బండి ఆగుతుందా, ఈ రెండూ అడుగు. ఎందుకు చెప్తున్నానంటే నేను కొత్తలో ఒక గ్రూప్‌తో వెళ్లా, ముందున్నాయన దూసుకెళ్లిపోయాడు, అనంతగిరి దగ్గర మంచులో ఆయన వెనక లైటు కూడా కనపడలే, అందుకుందామని స్పీడ్ పెంచి మలుపులో కాలవలో పడ్డా. మణికట్టు విరిగింది. ఇరవై నిమిషాలు ఒక్కడు వెనక్కి రాలేదు, ఎస్.కోట వెళ్లే ఆటో అతను లేపి కూచోబెట్టాడు. ఆ రోజు నుంచి స్వీప్ లేని గ్రూప్‌తో నేను గేటు కూడా దాటను.

ఇంకోటి నాన్నగారికి తప్పకుండా చెప్పు. యెజ్డీ టూ స్ట్రోక్, యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ బండిని పెద్దగా ఆపదు, అందుకని ఆ రోజుల్లో వాళ్లంతా బ్రేకుల మీదే దిగేవాళ్లు, కొందరైతే పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు. బుల్లెట్‌తో అలా చెయ్యకూడదు. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలి, సెకండో థర్డో వేసి ఇంజన్‌తో బండిని పట్టుకుని బ్రేక్ అప్పుడప్పుడు కొట్టి వదలాలి. నొక్కిపెట్టి దిగితే డిస్క్ కాలిపోయి బ్రేక్ ఆయిల్ మరిగి లివర్ మెత్తగా లోపలికెళ్లిపోతుంది, అదీ సరిగ్గా బస్సు ఎదురొచ్చినప్పుడే. ఎక్కే బండికి దిగేవాళ్లు దారివ్వాలి, అది రూలే. వెళ్లేముందు సింహాచలం కొండ రెండు మూడు సార్లు ఎక్కి దిగి చూడండి ఇద్దరూ.

ఎంవీపీ రైడర్:
నేనైతే మీరిద్దరే వెళ్లండి అంటా. వీక్‌డేస్‌లో వెళ్తే రోడ్డు ఖాళీ, గంటకోసారి ఆగి టీ తాగుతూ నాన్నగారి నడుముని బట్టి వెళ్లొచ్చు, గ్రూప్‌లో ఆ వీలుండదు. ఒకవేళ ఆయన బండి కాకుండా అద్దె బండి తీసుకుంటే మాత్రం నల్ల నంబర్ ప్లేట్ మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి, తెల్ల ప్లేట్ అయితే అద్దెకివ్వడానికి పర్మిట్ లేనట్టే, ఏదైనా అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు.

పాడేరు కుర్రాడు:
అక్కా మాది పాడేరే. ఇద్దరే రావచ్చు కానీ మా వైపు కుర్రాడు ఒకడు తోడుంటే వేరేగా ఉంటది. ఊళ్లలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు, మావాడుంటే ఇంటి ముందు కూచోబెట్టి కాఫీ ఇస్తారు, లేకపోతే మీరు రోడ్డు మీంచి చూసి వెళ్లిపోతారు అంతే. ఆ గ్రూప్‌లో లోకల్ మనిషి ఎవరున్నారో అడగండి. నవంబర్, డిసెంబర్‌లో వస్తే వలిసె పూలు పసుపుపచ్చగా కొండంతా ఉంటాయి, ఒక్కటే అడుగుతున్నా, ఫొటో కోసం చేలోకి దిగకండి. అది నూనె గింజ పంట, మా అమ్మ సంవత్సరమంతా ఎదురుచూసే పంట, బైకులు గట్టు మీద పెట్టి ఇరవై మంది తొక్కేసి వెళ్లిపోతారు, ఎవరికి చెప్పుకోవాలి. సంతలో ముసలమ్మల్ని కూడా అడిగి ఫొటో తియ్యండి. వంజంగి కొండ ఎక్కేవాళ్లయితే తెల్లారకముందే బయల్దేరాలి, ఆఖర్న నడకే, నాన్నగారి నడుముకి కష్టమైతే ఆయన్ని పాడేరులో పడుకోనివ్వండి.

గాజువాక పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. వాళ్లకి ఫోన్ చేశా, ఎనిమిది బండ్లే అంట, స్వీప్ ఉంటాడంట, పాడేరు నుంచి అరకు దాకా అక్కడబ్బాయే వస్తాడంట. రోజుకి నూట ఇరవై కిలోమీటర్లు దాటరు, అలిసిపోతే ఎక్కడానికి వెనకాల జీపు కూడా ఉంది అన్నారు, దాంతో అమ్మ కూడా ఒప్పేసుకుంది. బాబాయ్ గారూ, న్యూట్రల్ సంగతి చదివి వినిపిస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇంజన్ కూడా ఆపేసి దిగేవాళ్లం" అన్నారు!! వచ్చే ఆదివారం పొద్దున్నే సింహాచలం కొండ, ఇద్దరం సెకండ్ గేర్లోనే దిగుతాం. తమ్ముడూ, చేలో ఎవరూ దిగకుండా చూస్తా, గ్రూప్ వాళ్లకి కూడా ముందే చెప్పా. డిసెంబర్ రెండో వారం వస్తున్నాం, అప్పటికి పూలుంటాయా?